జనరేటర్ మన ఇంట్లో, ప్రమాదం స్తంభం మీద

కాట్పాడిలో నెలవారీ పనులకు కరెంటు ఆపినా, తుపాను వచ్చినా మన ఇళ్లలో జనరేటర్లు మోగుతాయి. 2016 వర్దా, 2023 మిచాంగ్ తుపానుల్లో చెన్నైలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడే తొందరపాటు పనికిరాదు.

జనరేటర్ తీగను గోడ ప్లగ్గులో పెడితే కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి పోతుంది. 11,000 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరే అప్పుడు మన 230 వోల్టులను తిరిగి పెంచుతుంది. లైను ఆగిందని నమ్మి ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోవచ్చు.

మెయిన్ ఆపితే చాలదా అంటారు. మరిచిన ఒక్క రోజు చాలు. ఛేంజోవర్ స్విచ్ ఉంటే ఆ భయం లేదు; అది ఫేజునూ న్యూట్రల్‌నూ లైనుకో జనరేటర్‌కో, ఒక్కదానికే కలుపుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. జనరేటర్‌ను ఇంటి బయటే నడపండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మన సభ్యులందరికీ మా మనవి ఇదే. స్తంభమెక్కినవాడు ఎవరింటి బిడ్డో!