పొడుగు మాటల్లో బరువెక్కడ?

ఇంగ్లీషు క్లాసులో 'ఇన్‌కాంప్రిహెన్సిబుల్' వంటి విశేషణం ఎదురైతే తెలుగు మీడియం కుర్రాడు తల దించుకుంటాడు. కాన్వెంటు చదువుల వాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు తిన్నవాడు మిగతా మూడేళ్ళూ నోరు విప్పడు. ఈ దుస్థితికి కారణం వాడి బుద్ధి కాదు, మన బోధనే అని నా నిశ్చితాభిప్రాయం.

ఆ మాటను చూసి బెదరడమెందుకు? విడగొడితే సరి. 'ఇన్' అంటే కాదు. 'కాం' అంటే పూర్తిగా. 'ప్రిహెన్స్' అంటే లాటిన్‌లో పట్టుకోవడం. 'ఇబుల్' అంటే వీలైనది. వెరసి, బుద్ధికి పట్టుబడనిది. 'అనిర్వచనీయ'ను అ, నిర్, వచనీయ అని విడదీయగలవాడికి ఇదేమంత బ్రహ్మవిద్య? పైగా ఆ 'ఇన్', మన సంస్కృతపు 'అన్' ఒకే తల్లి బిడ్డలు.

అయితే అర్థం తెలిసినంత మాత్రాన పలుకు రాదు. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషువాడు మాటలో ఒకచోట గట్టిగా ఊని, మిగతావాటిని చాలావరకు మింగేస్తాడు. మనం 'కం-ఫ-ర్ట-బుల్' అని నాలుగు ముక్కలు పలికితే వాడు 'కంఫ్-ట-బుల్' అని మూడింటితో సరిపెడతాడు. పైన చెప్పిన ఆరు ముక్కల మాటలో బరువంతా నాలుగోదైన 'హెన్' మీదే.

ఈ ఊనిక గాలివాటుగా పడేది కాదు. 'ఇక్' తోక ఉన్న విశేషణాల్లో చాలామటుకు తోకకు ముందున్న ముక్క మీద పడుతుంది. 'ఫోటోగ్రాఫ్'లో మొదటనున్న ఊనిక 'ఫోటోగ్రాఫిక్'లో 'గ్రా' మీదికి దూకుతుంది. 'ఎకానమీ'లో 'కా' మీదున్నది 'ఎకనామిక్'లో 'నా' మీదికి పోతుంది. 'అరబిక్', 'కాథలిక్' లాంటి మొండిఘటాలు కొన్ని ఉన్నాయనుకోండి! 'ఏబుల్' తోకకు ఇంత పెత్తనం లేదు. 'రిలై', 'రిలయబుల్' రెండింటా రెండో ముక్క మీదే ఊనిక. కానీ 'అడ్మైర్'కు పుట్టిన 'అడ్మిరబుల్' మాత్రం దాన్ని మొదటికి లాక్కుంటుంది. ఇలాంటివి బట్టీ పట్టవలసిందే.

గురువు వేరు, ఊనిక వేరు. అయినా గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. ఒక మాటలో బరువెక్కడో వెతకడం మనకు కొత్త కాదు. 1958లోనే హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థ వెలిసింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అదే. అంత దగ్గర దీపం పెట్టుకుని మన క్లాసుల్లో ఈ చీకటేమిటి?

మంచి నిఘంటువుల్లో ఊనిక పడే ముక్కకు ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది. బోర్డు మీద కొత్త మాట రాసినప్పుడల్లా ఆ గీత కూడా గీయవలసిందిగా మా ఇంగ్లీషు మాస్టార్లకు మనవి. సుద్దముక్క అంతగా అరిగిపోదు.