గోడ మీది ఒడంబడిక

బడి నియమాలకు ‘సామాజిక ఒడంబడిక’ అని పేరు పెట్టడం ప్రైవేటు బళ్ళలో ఇప్పటి ఫ్యాషన్. జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికే నాలుగో తరగతి గోడ మీద ఒక చార్టు వెలుస్తుంది. పైన రంగు అక్షరాలతో ‘మన ఒప్పందం’. కింద టీచరు చెప్పగా రాసిన అయిదారు నియమాలు: వరసలో నడవాలి, గోల చెయ్యకూడదు, హోంవర్కు మానకూడదు. చుట్టూ స్కెచ్ పెన్నులతో ముప్పై సంతకాలు. ఆ వయసులో సంతకమంటే పేరు కాస్త వంకరగా రాయడమే. జూలైలో పక్కవాడితో మాట్లాడిన పిల్లాడిని గోడకుర్చీ వేయించి, చార్టు వైపు వేలు చూపించి, “నువ్వే ఒప్పుకున్నావుగా” అంటారు. దెబ్బ కొట్టి, అది నువ్వు అడిగిందే అనే కపటం బెత్తానికి కూడా లేదు.

ఒడంబడిక సిద్ధాంతం పుట్టింది పెద్దవాళ్ళ కోసం. 1651లో హాబ్స్, 1689లో లాక్, 1762లో రూసో వేసుకున్న ప్రశ్న ఒకటే: ఎదిగిన మనిషి ఇంకొకరి ఏలుబడికి ఎందుకు తలవంచాలి? పిల్లల సంగతి లాక్ విడిగా తేల్చాడు. పిల్లలు సమానత్వానికి పుడతారు గానీ సమానులుగా పుట్టరు అన్నాడు. వాళ్ళ మీద తల్లిదండ్రుల అధికారాన్ని పొత్తిగుడ్డలతో పోల్చాడు. బిడ్డ ఎదిగాక అవి ఊడిపోవాలి. ఆ అధికారానికి పునాది బిడ్డ సమ్మతి కాదు, పెంచాల్సినవారి బాధ్యత. రూసో మరీ స్పష్టం. ‘సామాజిక ఒడంబడిక’ వెలువడిన 1762లోనే ‘ఎమిలీ’ కూడా వచ్చింది. అందులోని గురువు కుర్రాడితో ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టించడు, తెర వెనక ఉండి అన్నీ నడిపిస్తాడు. ఒడంబడిక పాఠం ఎమిలీ చెవిన పడేది ఇరవై దాటి, పెళ్ళికి ముందు దేశాటనకు బయలుదేరినప్పుడు. చార్టులు అంటించేవాళ్ళు రూసో పేరు ఎత్తుతారు; అక్కడిదాకా చదివినట్టు మాత్రం కనిపించరు.

భారతీయ చట్టానిదీ ఇదే తీరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరుగా ఉండి ఇళ్ళు తాకట్టు పెట్టిన ధర్మదాస్ ఘోష్ కేసులో, ఆ తాకట్టు మొదటినుంచీ చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల పెట్టిన సంతకం మాత్రం ఎనిమిది పీరియడ్లూ చెల్లుతుంది.

ఒప్పందమంటే కాదని లేచి వెళ్ళిపోయే వీలు కూడా ఉండాలి. 1748లో హ్యూమ్ ఎత్తిపొడిచింది ఇదే: నిద్రలో ఓడ ఎక్కించిన మనిషి సముద్రంలో దూకలేదు కాబట్టి కెప్టెన్‌కు సమ్మతించాడనడం ఏం న్యాయం? బళ్ళో ఆ సముద్రం పేరు టీసీ. అది ప్రిన్సిపాల్ సొరుగులో ఉంటుంది. ఫీజు బకాయి తీరేదాకా ఆ సొరుగు తెరుచుకోదు. అసలు ఒప్పందం తండ్రికీ యాజమాన్యానికీ మధ్య అడ్మిషన్ ఫారం మీద కుదిరింది. అందులోని చిన్న అక్షరాలను ఏ గోడకూ అంటించరు.

వాదంలో ఓడినవాళ్ళు సమ్మర్‌హిల్‌ను అడ్డం పెట్టుకుంటారు. 1921లో ఎ.ఎస్. నీల్ పెట్టిన ఆ బడి సభలో పిల్లాడికీ పెద్దకీ ఒకే ఓటు. అయితే పడకగదుల ఏర్పాటు, తిండి, డబ్బు, టీచర్ల నియామకం తమ దంపతుల చేతిలోనే ఉంచుకున్నామని నీల్ దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీని వదిలేసి ఓటును మాత్రం అరువు తెచ్చుకోవడం ఇక్కడి నేర్పు.

బడికి దగ్గరి పోలిక రిపబ్లిక్ కాదు, గుడి. మన న్యాయస్థానాలు ఆస్తి విషయంలో దేవుణ్ణి ఎప్పటికీ మైనరుగానే చూస్తాయి. అంతమాత్రాన స్వామివారు సంతకం పెట్టారని చెప్పి ఏ ధర్మకర్తా మాన్యం కౌలుకివ్వడు. తన నిర్ణయానికి తనే లెక్క చెప్పాలి. హెడ్మాస్టరు స్థానమూ అదే: నియమం తనది, కారణం చెప్పాల్సింది తను, తప్పితే జవాబు చెప్పాల్సిందీ తనే. ఎవరికి చెప్పాలన్నదానికి చట్టంలో సగం సమాధానమే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకు ఆ సెక్షన్ వర్తించదు. చార్టులు ఎక్కువగా వెలిసేది ఆ బళ్ళలోనే.