పుట్ట దగ్గర పాఠం

ఆకులు కోసి గూటికి మోసుకెళ్లి, వాటిపై బూజు పండించుకు తినే చీమలు అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. అక్కడి విద్యార్థులు శాస్త్రవేత్తల వెంట ఆ బారుల పక్కన కూర్చుని పరిశోధన నేర్చుకుంటారు. అనంతపురంలో ఆ చీమలు లేవు. అయితే అదే సేద్యాన్ని మన చేలగట్ల మీద చెదలు చేస్తున్నాయి. ఎండుగడ్డి, పుల్లలు నమిలి పుట్టలోపల తోట వేసి శిలీంధ్రాన్ని పెంచుతాయి. వానలు పడ్డాక పుట్టమీద లేచే గొడుగులు ఆ తోటవే. పుట్టగొడుగు అన్న మాటలోనే మన పెద్దల పరిశీలన ఉంది.

ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది. ఇక్కడ పుట్టలోపల తేమ ఎలా నిలుస్తోంది? వేరుశనగ కాయను తొలిచే చెదలపై రైతు కోపం న్యాయమే. కానీ ఏ పుట్ట చేనుకు చేటు, ఏది ఎండుచెత్తను మట్టిలో కలుపుతోంది? చూసి చెప్పేవారు కావాలి.

దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ కందిరీగల ఒంటిపై రంగుచుక్కలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతూ దశాబ్దాల పాటు వాటి సమాజాన్ని చదివారు. నోటుపుస్తకం, ఓపిక, తప్పు దిద్దే గురువు ఉంటే మొదలుపెట్టవచ్చు. సీసాలోని నమూనా చూసి బొమ్మ గీసి రికార్డు నింపితే పరిశోధన రాదు.

1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం చేయి కలపాలి. ఈ తొలకరికే ఒక్కో శాస్త్రవేత్త పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని చేనుగట్టుకు రావాలి.