ఆ చిట్టెం చెత్త కాదు

పిల్లలూ! మా సికిందరాబాదులో చలికాలం రాగానే బడిపిల్లలను బస్సెక్కించి గోల్కొండకో, నాగార్జునసాగర్‌కో తీసుకుపోతాం. మంచిదే. కాని మా బడి బస్సు కోనసముద్రం వైపు ఒక్కసారీ తిరగలేదు. అందులో తప్పు నాదీ ఉంది. ఇనుములో కార్బన్ కలిస్తే ఉక్కు అవుతుందని నల్లబల్ల మీద ఎన్నో ఏళ్లు రాశాను, ఆ ఊరి పేరు మాత్రం చెప్పలేదు.

ఆ ఊరు నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. (మండలం పేరులోనే కమ్మరి ఉండడం నాకు ముచ్చటగా ఉంటుంది!) అక్కడి ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక దేశపు వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1820 ప్రాంతంలో ఆ పని చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది.

కమ్మరులు ఏం చేసేవారో తెలుసా? ఊక కలిపిన మట్టితో మూసలు చేసేవారు. వాటిలో ఇనుప ముక్కలు పెట్టి, కార్బన్ కోసం కట్టెముక్కల వంటివి వేసి, మూత మెత్తి, తోలుతిత్తులతో ఊదుతూ రాత్రింబవళ్లు కాల్చేవారు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. కార్బన్ చేరితే అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది, ఉప్పు చల్లిన మంచుగడ్డలాగ. తరువాత మూసను మెల్లగా చల్లార్చేవారు. ఆ ముద్దను సాగగొట్టి చేసిన కత్తి మీద నీటి అలల వంటి చారలు కనబడేవి.

మీరు విద్యుత్తు పాఠంలో చదివే మైకేల్ ఫారడే 1819లో లండన్‌లో మన దేశపు ఉక్కును పరీక్షించాడు. దాని గొప్పతనానికి అల్యూమినియం, సిలికా కారణమనుకున్నాడు. అంతటివాడూ పొరబడ్డాడు! కార్బన్ అన్న మాట ఎరుగని కమ్మరి మాత్రం దాని పాలు ఎంతుండాలో చేతి అలవాటుతో తెలుసుకున్నాడు. కొందరు దీన్ని "మాయమైన రహస్యం" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అది తరతరాల పరీక్ష.

ఆ పరీక్షకు మిగిలిన ఆధారం చిట్టెం కుప్పలూ, పగిలిన మూసలూ. పాడుబడిన కోటను చూస్తే ఎవరైనా ఆగుతారు. చిట్టెం కుప్ప కనిపిస్తే చదును చేయాలనిపిస్తుంది. అయితే ఏ ఖనిజం వాడారో, ఎంత వేడి చేశారో చెప్పేది ఆ నల్లరాళ్లే. 2010లో ఉత్తర తెలంగాణలో ఇలాంటి చోట్లను వెదికిన భారత, బ్రిటిష్ పరిశోధకులు పరీక్షించినవీ ఇవే. కుప్పను ఒకసారి ఎత్తి రోడ్డు గుంతలో పోస్తే, ఏ పొర కింద ఏది ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ కుప్పల చుట్టూ కంచె వేసి ఒక పలక నాటడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈసారి మా బడి బస్సును అటే పంపమని అడగబోతున్నాను. మీరూ మీ సైన్సు మాస్టారిని అడగండి. వెళితే మూసముక్కను చేత్తో పట్టుకుని, దాని మీది గాజు వంటి పూతను చూడండి. చూసి, ఎక్కడిది అక్కడే పెట్టేయండి.