పని చేతిలో ఉంది... కాగితమే లేదు

ధర్మపురిలో సేలం రోడ్డు వెంట పొద్దున పోతే గ్రిల్ షాపుల ముందు నీలి వెలుగు కనిపిస్తుంది. నల్లద్దం అడ్డం పెట్టుకుని రాడ్ కదిపే కుర్రాళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయ్యాక ధర్మపురికి ఆంధ్ర సరిహద్దు పోయింది గానీ, ఇళ్లలో తెలుగు పోలేదు. ఈ కుర్రాళ్ల చేతిలో పనికి కొదవ లేదు. కానీ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష రాద్దామని బయల్దేరితే దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నారు.

గల్ఫ్ రిఫైనరీల్లో, పైప్‌లైన్ పనుల్లో ఎక్కువగా అడిగే సర్టిఫికెట్లు రెండు. ఒకటి బ్రిటన్‌కు చెందిన సీస్విప్ 3.1, రెండోది అమెరికన్ వెల్డింగ్ సొసైటీ ఇచ్చే సీడబ్ల్యూఐ. మొదటిదానికి ప్రతి భాగంలో 70 శాతం, రెండోదానికి 72 శాతం మార్కులు రావాలి. ఒక పేపర్లో ఎక్కువొచ్చాయని ఇంకోదాంట్లో సర్దుబాటు చెయ్యరు. కంటిచూపు పరీక్షా ఉంటుంది. పాసైనా అది జీవితకాలం సర్టిఫికెట్ కాదు. సీస్విప్ అయిదేళ్లు, సీడబ్ల్యూఐ మూడేళ్లు చెల్లుతుంది. తరువాత మళ్లీ రెన్యూవల్ చేయించుకోవాలి.

ఇంతకీ ఆ పేపర్లలో అడిగేది ఏమిటి? చాలావరకు షాపులో రోజూ చూసేదే. తడి రాడ్‌తో వేస్తే గుల్లలు పడతాయని చిన్న హెల్పర్‌కు కూడా తెలుసు. పరీక్షలో దాని పేరు పోరోసిటీ. కరెంటు ఎక్కువ పెడితే ప్లేటు అంచు తినేస్తుంది, అదే అండర్‌కట్. 7018 రాడ్‌ను ఓవెన్‌లో పెట్టి వాడమని మేస్త్రీ ఎందుకంటాడు? రాడ్‌లోని తేమ నుంచి హైడ్రోజన్ లోహంలోకి పోతే, అతుకు చల్లారాక గంటలు గడిచినా పగులు రావచ్చు. ఈ కారణం చెప్పగలిగితే మార్కు వచ్చినట్టే.

లెక్కలూ భయపడేంతవి కావు. రెండు కాళ్లూ సమానంగా ఉన్న ఫిల్లెట్ వెల్డ్‌లో కాలు 10 మిల్లీమీటర్లుంటే గొంతు సుమారు 7. వోల్టులు 25, ఆంపియర్లు 120, వేగం సెకనుకు 3 మిల్లీమీటర్లయితే, 25ను 120తో గుణించి 3తో భాగించాలి. మిల్లీమీటరుకు 1000 జౌళ్లు, అంటే ఒక కిలోజౌల్ ఆర్క్ ఎనర్జీ. ఎనిమిదో తరగతి లెక్క ఇది.

మరి చిక్కెక్కడ? మొదటి చిక్కు భాష. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. తమిళనాడులో 2006 చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఆ బళ్లలో చదివి ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్ చేసిన కుర్రాడికి ఇంగ్లీషు ప్రశ్న ఒకటికి రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. అప్పటికి టైము అయిపోతుంది. తెలియక తప్పడం వేరు, తెలిసీ తప్పడం వేరు.

రెండో చిక్కు అనుభవం రుజువు. చదువు తక్కువైతే అనుభవం ఎక్కువ చూపించాలన్నది సీడబ్ల్యూఐ నియమం. అది పనిచ్చినవాళ్లు రాసివ్వాలి. పదేళ్లు ఒకే షాపులో పనిచేసినా జీతం చేతికే ఇస్తారు. స్లిప్పు లేదు, పీఎఫ్ లేదు, రిజిస్టర్లో పేరు లేదు. కాగితం మీద చూస్తే ఆ మనిషి పదేళ్లు ఖాళీగా ఉన్నట్టే.

ఈ రెండు చిక్కుల మధ్యే బ్రోకర్లు దూరుతున్నారు. పాత ప్రశ్నలు బట్టీ పడితే చాలని ఒకడు, అనుభవం సర్టిఫికెట్ తయారు చేసిస్తానని ఇంకొకడు. ఇన్‌స్పెక్టర్ అంటే ఇతరుల అతుకులో తప్పు పట్టి సంతకం పెట్టేవాడు. ఆ సంతకాన్ని నమ్మి బాయిలర్ పక్కన మనుషులు నిలబడతారు. దొంగ కాగితంతో ఆ కుర్చీలో కూర్చుంటే ఎప్పుడో ఒకరోజు ఎవరి ప్రాణానికో వస్తుంది.

చెయ్యాల్సిన పనులు పెద్దవేమీ కావు. తిరుచ్చి బీహెచ్ఈఎల్‌లో 1975 నుంచి వెల్డింగ్ పరిశోధన సంస్థ ఉంది. నామక్కల్ దాటి అంత దూరం పోయి, రూము తీసుకుని, కూలి వదులుకుని చదవడం షాపు కుర్రాడికి కుదిరే పని కాదు. అక్కడి శిక్షకులే ధర్మపురి ప్రభుత్వ ఐటీఐకి ఆదివారాలు వచ్చేలా జిల్లా యంత్రాంగం మాట్లాడాలి. 2022లో మొదలైన నాన్ ముదల్వన్ పథకం ఐటీఐలకూ వర్తిస్తోంది కనుక, ఇన్‌స్పెక్టర్ పరీక్ష తయారీని అందులో చేర్చడం అసాధ్యమేమీ కాదు. ఇంగ్లీషు మాటకు పక్కనే తమిళం, తెలుగు రాసిన చిన్న పదపట్టిక అచ్చువేస్తే ఖర్చు ఎంతని?

షాపు యజమానులూ ఒక పని చెయ్యాలి. నెలకో స్లిప్పు రాసివ్వాలి. ఏ పని, ఏ రాడ్, ఎన్ని రోజులు అన్నది అందులో ఉంటే చాలు. కుర్రాళ్లు కూడా ఆ స్లిప్పు అడిగి తీసుకోవాలి, దాచుకోవాలి. మొహమాటపడితే నష్టపోయేది వాళ్లే.

ఈ జిల్లా కుర్రాళ్లు గల్ఫ్‌లో రాడ్ పట్టుకుని ఎండలో నిలబడుతున్నారు. అదే యార్డులో గేజ్ పట్టుకుని అతుకు చూసే మనిషి వాళ్లలో ఒకడు ఎందుకు కాకూడదు? దానికి కావాల్సిన కన్ను వాళ్లకుంది. కావాల్సిన కాగితం అందించే పని ధర్మపురిలోనే మొదలుకావాలి.