కుటుంబ ప్రశ్నలు – జవాబులు: కప్పు తీసే కారా, కప్పున్న కారా?



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మన పల్లెలకు దూరపు సంగతిగా కనిపిస్తుంది. అయితే దానిలో ఉన్న చిక్కు చాలా ఇళ్ళలో ఉండేదే గనుక దానినే ఎన్నుకొన్నాము. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక గ్రామం నుండి ఒక తండ్రిగారు వ్రాసిన ఉత్తరమిది. సారాంశం ఇలా ఉన్నది.

"మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. భార్య, ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఉన్నారు. రోజూ తిరగడానికి ఒక కారు ఉన్నది. ఇప్పుడు ఎం.జి.బి. అనే పాత స్పోర్ట్స్ కారు కూడా కొంటానంటున్నాడు. రెండు బండ్లు చూసి వచ్చాడట. ఒకటి 1972 నాటిది, కప్పు తీసేది, ఎర్రగా మెరిసిపోతున్నదట. రెండవది 1973 నాటిది, గట్టి కప్పు ఉన్నది, రంగు వెలిసిపోయింది. అబ్బాయికి మొదటిదే కావాలి. పిల్లలు కూర్చోవడానికి చోటు లేని కారు ఎందుకని కోడలి ప్రశ్న. ఇల్లు కొనుక్కోవడానికి దాచుకొన్న సొమ్ములో నుండి తీస్తాడట. దీనివల్ల ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. నన్ను తీర్పు చెప్పమంటున్నారు. నాకు ట్రాక్టరు తప్ప మరో బండి తెలియదు. ఏమి చెప్పమంటారు?"

అయ్యా, ట్రాక్టరు తెలిసినవారికి ఈ కారు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పైగా ఈ కారుకు మనవైపు ఒక చుట్టరికం కూడా ఉన్నది. మనమంతా ఎక్కిన అంబాసిడర్ కారు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుండి వచ్చినదే. అంబాసిడర్‌లో చాలా ఏళ్ళు వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఒకే కుటుంబానికి చెందినవి. అంటే మన ఊరి టాక్సీ ఇంజనుకు అది అన్నగారి వంటిది. సాదా ఇంజను. విడి భాగాలు నేటికీ ఇంగ్లండులో తేలికగా దొరుకుతాయి. గనుక ఇంజను గూర్చి మీరు ఎక్కువ బెంగ పడనక్కరలేదు. బెంగ పడవలసినది వేరొకటి ఉన్నది.

రెండు రూపాలు ఎలా వచ్చాయి?

ఎం.జి.బి. కారును ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న ఆబింగ్‌డన్ అనే చిన్న పట్టణంలో చేసేవారు. 1962లో మొదట వచ్చినది కప్పు తీసే రూపమే. దానిని రోడ్‌స్టర్ అంటారు. ఇద్దరే కూర్చుంటారు. పైన గుడ్డ కప్పు, ఎండ కాసినప్పుడు వెనక్కు మడిచేస్తారు. 1965లో గట్టి కప్పుతో రెండవ రూపం వచ్చింది. దాని పేరు జి.టి. ఆ కప్పు రూపురేఖలు దిద్దడంలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ చెయ్యి ఉన్నది. వెనుక పైకి లేచే తలుపు, ముందు సీట్ల వెనుక పిల్లలు పట్టేటంత చిన్న సీటు దీనిలో ఉంటాయి. 1980లో ఆ కర్మాగారం మూతపడే నాటికి రోడ్‌స్టర్లు సుమారు 3 లక్షల 87 వేలు, జి.టి.లు సుమారు 1 లక్షా 25 వేలు తయారైనాయి. అందువల్లనే నేటికీ ఈ రెండూ అమ్మకానికి దొరుకుతూనే ఉన్నాయి.

1974 చివరి నుండి అమెరికా నిబంధనల కోసం మెరిసే బంపర్లు తీసి నల్లని రబ్బరు బంపర్లు పెట్టారు, బండిని కొంత ఎత్తు చేశారు. మీవాడు చూసినవి రెండూ అంతకు ముందువే గనుక ఆ చర్చ మనకు అక్కరలేదు.

కప్పు చేసే పని

కప్పు అంటే వాన పడకుండా కాపాడేది అని మాత్రమే మనము అనుకొంటాము. కారులో అది మరొక పని కూడా చేస్తుంది. ఇంట్లో చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకొని మూత గట్టిగా పెట్టి, రెండు చివరలు పట్టుకొని మెలిత్రిప్పి చూడండి. అంత తేలికగా మెలి తిరగదు. మూత తీసి మళ్ళీ త్రిప్పండి. వెంటనే వంకర పోతుంది. పెట్టె అదే, అట్ట అదే. పోయినది మూత ఒక్కటే.

మరి మన జీపుకు కప్పు లేదు గదా, అది వంకర పోవడం లేదేమని మీరు అడగవచ్చు. జీపుకు క్రింద బలమైన ఇనుప ఛాసిస్ ఉంటుంది. బరువంతా దానిదే. ఎం.జి.బి.కి అటువంటి విడి ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగు చేసిన ఆ పెట్టెయే దాని ఎముకల గూడు. జి.టి.లో కప్పు కూడా ఆ గూటిలో భాగమై బలాన్ని పంచుకొంటుంది. రోడ్‌స్టర్‌లో ఆ సాయం లేదు. గనుక తలుపుల క్రింద, మన ఇంటి గడపవలె ముందు చక్రం నుండి వెనుక చక్రం వరకు పొడవుగా ఉండే రేకు పెట్టెల మీద ఎక్కువ భారం పడుతుంది. మెకానిక్కులు వాటిని సిల్ అంటారు. బయటికి ఒక రేకుగా కనిపించినా లోపల పొరలు పొరలుగా ఉంటాయి.

ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుప గేట్లు ఏమవుతాయో మీకు తెలుసు. ఆ ఉప్పు నీరు యాభై ఏళ్ళుగా ఆ గడపలలోకి దిగుతూ వచ్చింది. పైకి ఎర్ర రంగు మెరుస్తూ ఉండగా లోపలి పొర తుప్పుతో జల్లెడ అయి ఉండవచ్చు. పాడైన సిల్ తీసివేయకుండా దానిపైనే కొత్త రేకు అతికించి, లప్పం పెట్టి, రంగు వేసి అమ్మిన బండ్లు చాలా ఉన్నాయి. వాటిని సరిగా బాగుచేయాలంటే తలుపు క్రింది భాగమంతా కోసి పొర వెంట పొర కట్టుకొని రావాలి. ఇంజను బాగుచేయించిన దానికంటే ఇది బరువైన ఖర్చు. ఇల్లు కొనే సొమ్ము కరిగిపోయేది ఇక్కడనే.

మీవాడు స్వయంగా చూడదగినవి

1. రోడ్‌స్టర్ తలుపుకు, వెనుక రేకుకు మధ్య సందు పైనా క్రిందా ఒకే వెడల్పు ఉన్నదా? పైన ఇరుకుగా ఉంటే నడుము వంగుతున్నదని అనుమానించాలి.

2. ఒక ప్రక్క జాకీ పెట్టి కొద్దిగా లేపించి, ఆ ప్రక్క తలుపు తీసి వేయించాలి. నేలమీద తేలికగా తెరుచుకొన్న తలుపు ఇప్పుడు పట్టేస్తే గడప బలహీనపడిందని అర్థం. జాకీ మీద ఉన్న బండి క్రిందకు మాత్రం ఎవ్వరూ దూరకూడదు.

3. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్ మీద, చక్రాల పైభాగం మీద పెట్టి చూడాలి. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉన్నది.

4. తలుపు పైభాగంలో, ముందున్న చిన్న అద్దం మొదట్లో రేకు చిట్లిందా? ఈ కార్లలో తరచు కనిపించే లోపమిది.

5. వెనుక కమాన్ కట్టలు బిగించిన చోట్లు, లోపల కాళ్ళ క్రింది నేల తివాచీ ఎత్తి చూడాలి.

6. జి.టి. అయితే వెనుక తలుపు అంచులు, ముందు అద్దం క్రింది మూలలు కూడా చూడాలి. కప్పున్నది గదా అని సిల్ చూడకుండా వదలరాదు. దానికీ ఉప్పు తగిలింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 నుండి ఏటేటా చేయించే తప్పనిసరి తనిఖీ లేదు. రోడ్డు పన్ను కూడా కట్టనక్కరలేదు. ఇది లాభమే. అయితే దాని అర్థం బండి బాగున్నదని కాదు, ఎవరూ చూడలేదని. గనుక అడిగి మరీ ఆ తనిఖీ చేయించాలి. అమ్మేవారితో సంబంధం లేని, ఈ పాత బండ్ల పని తెలిసిన మనిషిని తెచ్చి రెండు కార్లూ చూపించాలి. ఆ రుసుము దండుగ కాదు.

ఇంటివారికి ఏది అనుకూలం?

అబ్బాయి ఆశను మేము చిన్నచూపు చూడము. వేసవి సాయంకాలం కప్పు మడిచి పల్లె రోడ్డు మీద నెమ్మదిగా పోవడంలో ఉన్న ఆనందం జి.టి.లో దొరకదు. ఆ ఆనందం కోరేవారు ఎక్కువ గనుకనే ఒకే స్థితిలో ఉన్న రెండు బండ్లలో రోడ్‌స్టర్‌కు సాధారణంగా ధర ఎక్కువ. తిరిగి అమ్మునప్పుడు కూడా త్వరగా పోతుంది. ఇది దాని పక్షాన చెప్పవలసిన న్యాయమైన మాట.

అయితే దీనినే తిరగవేసి చూడండి. అదే సొమ్ముకు జి.టి.లో ఇంకా మంచి బండి దొరుకుతుంది. వానలు విడవకుండా పడే దేశంలో గట్టి కప్పు ఏడాది పొడుగునా పనికివస్తుంది. గుడ్డ కప్పు కొన్నాళ్ళకు బిగువు పోయి అంచుల వెంట నీరు కారుతుంది, వెనుక ప్లాస్టిక్ కిటికీ మసకబారుతుంది. దొంగకు చిన్న కత్తి చాలు. రాత్రి నిలుపుకోవడానికి గ్యారేజీ లేనివారికి రోడ్‌స్టర్ నిత్యం కనిపెట్టుకొని ఉండవలసిన బండి. జి.టి.లో వెనుక సీటు మడిస్తే సామాను చాలా పడుతుంది. బరువు ఎక్కువ గనుక వేగం అందుకోవడంలో కొంచెం వెనుకబడినా, గాలిని చీల్చుకొని పోయే కప్పు వలన పూర్తి వేగంలో తీసిపోదు. కప్పు లేని బండి బోల్తా పడితే తలలకు రక్షణ తక్కువన్నది కూడా మరువరాదు.

కోడలి మాటకు వద్దాము. రోడ్‌స్టర్‌లో ఉన్నవి రెండే సీట్లు. నలుగురూ కలిసి ఎన్నడూ ప్రయాణం చేయలేరు. జి.టి.లో పిల్లలిద్దరూ పడతారు. కాని ఇందులోనూ జాగ్రత్త అవసరం. బ్రిటన్‌లో పిల్లలకు 12 ఏళ్ళు నిండేవరకు, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు తగిన పిల్లల సీటు వాడాలి. ఆ ఇరుకు చోటులో అటువంటి సీట్లు ఇముడుతాయా, వెనుక బెల్టులు సరిగా బిగించడానికి వీలున్నదా అని ముందే తేల్చుకోవాలి. పాప కొంత ఎదిగితే ఆ సీటు చాలదు కూడా. గనుక జి.టి. కొద్ది ఏళ్ళపాటు మాత్రమే నలుగురి కారు.

మధ్యేమార్గం లేదా అని అడిగేవారికి రెండున్నాయి. రోడ్‌స్టర్‌కు చలికాలంలో బిగించే విడి గట్టి కప్పు దొరుకుతుంది. కాని ఎత్తడానికి ఇద్దరు మనుషులు, వేసవిలో దాచడానికి చోటు కావాలి. అది వాన ఆపుతుంది గాని, వెల్డింగు చేసిన కప్పువలె గూటికి బలమివ్వదు, సీట్లు పెంచదు. రెండవది, కొన్ని జి.టి.లకు పైన మడిచే పెద్ద గుడ్డ కిటికీ అమర్చి ఉంటుంది. ఆకాశమూ కనిపిస్తుంది, పిల్లలూ పడతారు. అటువంటిది దొరికితే ఇద్దరి మాటా నిలుస్తుంది. అయితే ఆ కోసిన చోట తుప్పు, నీరు చూసుకోవాలి.

మా సలహా

అయ్యా, మీరు ఎవరి పక్షమూ వహించకుండా ఈ వరుసలో చెప్పండి.

మొదట, ఇంటి సొమ్ములో ఎంతవరకు తీయవచ్చునో భార్యాభర్తలిద్దరూ కూర్చొని ఒక అంకె వ్రాసుకోవాలి. కొనే ధర, భీమా, మొదటి ఏడాది మరమ్మతులు అన్నీ ఆ అంకెలోనే పట్టాలి. ఆ అంకెకు మించితే ఏ కారూ వద్దు.

రెండవది, తనిఖీ మనిషి చూసేవరకు ఏ బండికీ బయానా ఇవ్వకూడదు. రంగు వెలిసిన బండికి రంగు వేయవచ్చు. గడప కుళ్ళిన బండికి రంగు వేసి ప్రయోజనం లేదు. రెండింటిలో ఒకదాని క్రింది రేకే గట్టిగా ఉంటే, కప్పు ఏదైనా సరే, ఎన్నిక దానిదే. రెండూ చెడినవైతే ఇంటికి తిరిగి రావాలి. లక్షల్లో చేసిన కారు అది, మరొకటి తప్పక వస్తుంది.

మూడవది, రెండూ గట్టివే అని తేలితే, ఏడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలున్న ఆ ఇంటికి జి.టి. తగినదని మా అభిప్రాయం, వెనుక బెల్టులు కుదిరితేనే సుమా. పిల్లలు పెద్దవారై ఎవరి దారిన వారు వెళ్ళిన తరువాత ఆ ఇద్దరూ రోడ్‌స్టర్ కొనుక్కొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అప్పటికి రెండు సీట్లే చాలు.

చివరిగా, బండి చూడడానికి ఈసారి కోడలిని కూడా తీసుకొని వెళ్ళమని చెప్పండి. పిల్లల సీట్లు వెంట తీసుకొని వెళ్ళి, జి.టి. వెనుక పెట్టి చూడమనండి. రోడ్‌స్టర్‌లోనూ ఆమెను కూర్చుండబెట్టి, కప్పు తీసి, ఒక మైలు తిప్పి తీసుకొని రమ్మనండి. ఇంతవరకు ఆమె ఆ కారులో ఎక్కినట్లు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.