గీత బెంగాల్లో... దెబ్బ ‘సీమ గుడ్డ’కు!

ఎక్కడి ఢాకా... ఎక్కడి జమ్మలమడుగు! బెంగాల్‌ను రెండు ముక్కలు చేస్తే పెన్నా ఒడ్డున బతికేవాళ్లకు ఏం సంబంధం? ఉంది. ఏటా ఆగస్టు 7న దేశమంతా జరుపుకొనే జాతీయ చేనేత దినోత్సవానికి మూలం ఆ విభజన మీద జరిగిన పోరాటమే.

1905లో వైస్రాయ్ కర్జన్ బెంగాల్‌ను విడదీశాడు. అప్పటి బెంగాల్ అంటే బీహార్, ఒరిస్సా కూడా అందులోనివే. జనాభా దాదాపు 8 కోట్లు. ఇంత పెద్ద రాష్ట్రాన్ని ఒక్కరు పాలించడం కష్టమని సర్కారు చెప్పిన కారణం. అసలు లెక్క వేరే. కలిసున్న బెంగాల్ ఒక శక్తి అనీ, విడగొడితే తలో దారీ పడుతుందనీ హోం కార్యదర్శి రిస్లీ 1904లోనే దస్త్రంలో రాసుకున్నాడు. ముస్లింలు ఎక్కువగా ఉన్న తూర్పు జిల్లాలను అస్సాంతో కలిపి, ఢాకా రాజధానిగా కొత్త రాష్ట్రం చేశారు. జనాన్ని ఎవరూ అడగలేదు.

అడగకపోయినా జనం జవాబు చెప్పారు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్‌లో విదేశీ వస్తువులు కొనరాదని తీర్మానించారు. విభజన అమల్లోకి వచ్చిన అక్టోబరు 16న బెంగాల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపుతో హిందువులు, ముస్లింలు ఒకరికొకరు రాఖీలు కట్టుకున్నారు.

ఆ గాలి తెలుగునేలనూ తాకింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం మొదలు మచిలీపట్నం దాకా ఊరూరా ప్రసంగించారు. రాజమండ్రిలో ఆయన మాటలను తెలుగు చేసింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. అక్కడి ట్రైనింగ్ కాలేజీలో ‘వందేమాతరం’ అన్నందుకు చదువు పోగొట్టుకున్న యువకుడు కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆ తర్వాత బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, రాతలకు శిక్షగా జైలుకు వెళ్లారు. గోదావరి ఒడ్డున మొదలైన ఆ కథలో రాయలసీమ బిడ్డ ముందు వరసలో ఉన్నాడన్నమాట!

పత్తి మనది... గుడ్డ వాళ్లది!

ఇంతకీ ఉద్యమం ఎంచుకున్న ఆయుధం గుడ్డ. అక్కడే కడప జిల్లా గుర్తుకొస్తుంది. పులివెందుల, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో పత్తి పండేది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వీధుల్లో మగ్గాలు ఆడేవి. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలుమార్గం ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయేది. పచ్చి సరుకును రేవులకు చేరవేసే రైలే ఇంగ్లండు మిల్లు గుడ్డను ఊళ్లకు మోసుకొచ్చేది. ఆ రోజుల్లో మనవాళ్ల నోట ‘సీమ’ అంటే ఇంగ్లండే. సీమ గుడ్డ, సీమ సరుకు అనేవారు. ‘రాయలసీమ’ పేరు స్థిరపడింది 1928 నంద్యాల సభ తర్వాత.

నూలుకే కాదు, రంగుకూ దెబ్బ తగిలింది. మద్రాసు రాష్ట్రంలో నీలిమందుకు కడప జిల్లా పెట్టింది పేరు. 1897లో జర్మనీ కంపెనీ రసాయనాలతో చేసిన నీలిని అమ్మకానికి పెట్టడంతో నీలి సాగు చతికిలబడింది. స్వదేశీ అన్న మాట ఇలాంటి ఊళ్లలో రైతుకూ, నేతగాడికీ కూటి సంగతి. అయితే కొనేవాళ్లకూ కష్టం ఉంది. స్వదేశీ గుడ్డ ముతక, ధర ఎక్కువ. అయినా కొనాలన్నదే ఆనాటి ప్రతిజ్ఞ.

ఇక్కడా గీతలు...

అవే రోజుల్లో కడప జిల్లానూ సర్కారు తిరగగీసింది. పులివెందులకు పొరుగునున్న కదిరి తాలూకా 1910లో అనంతపురానికి పోయింది. మదనపల్లె, వాయల్పాడు 1911లో కొత్త చిత్తూరు జిల్లాలో చేరాయి. ఆ మాటకొస్తే ఈ ప్రాంతమంతా 1800లో నిజాం కంపెనీకి రాసిచ్చిందే! అప్పుడూ జనాన్ని అడిగినవాళ్లు లేరు.

బెంగాల్ సంగతి మాత్రం వేరేగా ముగిసింది. ఆరేళ్ల పట్టు తర్వాత, 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదో జార్జి చక్రవర్తి విభజనను రద్దు చేశారు. గీసిన చేతితోనే చెరపాల్సి వచ్చింది.

కలకత్తాలో తీర్మానం జరిగిన ఆగస్టు 7నే 2015లో కేంద్రం చేనేత దినోత్సవంగా ప్రకటించింది. ఈసారి ఆ రోజున ప్రొద్దుటూరులో ఏ నేతన్న ఇంటి ముందునుంచైనా వెళ్తుంటే గుంటమగ్గం చప్పుడు వినండి. అప్పుడు బెంగాల్లో సర్కారును వెనక్కి తగ్గించింది ఇంటింటా జనం ఏ గుడ్డ కొనాలో తేల్చుకోవడమే. ఆ తేల్చుకోవడం ఇవాళా మన చేతుల్లోనే ఉంది!